సింహాసనపు బొగ్గు

గద్దముక్కు కొండ మీదినుండి చూచినవారికి వజ్రకూట నగరం ఆకుపచ్చని పట్టుగుడ్డ మీద ఒలికిన ముత్యాలరాశి వలె కనబడుతుంది. ఏడు ప్రాకారాలు, డెబ్బది బురుజులు, బురుజు బురుజుకూ ఒక పగడపు పిట్టగోడ, పిట్టగోడల మీద గాలికి మోగే గాజుగంటలు. నగరంలో నిలబడి కొండను చూచినవారికి మాత్రం ఒక ఇనుప గోపురమూ, గోపురం కొన మీద ఒక ఇనుప పక్షీ, ఆ పక్షి ఒంటినిండా నూరు కన్నులూ కనబడతాయి. అందుచేత వజ్రకూట పౌరులు తల వంచి నడవడం వినయమని పిల్లలకు నేర్పుతారు. భయానికి మంచి పేరు పెట్టుకున్న జాతి దానిని ఎన్నటికీ పోగొట్టుకోదు.

ఆ గోపురంలో మాంత్రికుడు వ్యాళజంఘుడు బంధించిన కువలయాదేవి ఉన్నది. ఆమె కదంబద్వీప రాజపుత్రిక. మాంత్రికుని శాపం వల్ల పాదాలు మొదలుకొని రోజుకొక జానెడు శిలగా మారుతున్నది. నిన్నటి సాయంకాలానికి శిల నడుము దాటింది. ఈనాటి అస్తమయానికి కంఠం చేరుతుంది. కంఠం శిల అయితే ఊపిరి శిల అవుతుంది. ఆలోగా ఎవరైనా ఆమెను గోపురం గడప దాటిస్తే శిల ఎక్కడికి వచ్చిందో అక్కడ ఆగుతుంది.

గడప దాటించడానికి బయలుదేరినవాడు ఆమె తమ్ముడు శరభాంకుడు. అడ్డమైనది ఇనుప పక్షి. అది మాంత్రికుని కొలిమిలో పుట్టినది. తలపైనుండి నిప్పురవ్వలు జల్లుగా రాలితే, తాను పుట్టిన కొలిమిలోనే ఉన్నాననుకొని నూరు కన్నులూ మూసుకుంటుంది. రవ్వలు ఆగిన తరువాత ఒక్కొక్క కన్నే తెరుస్తుంది. తేనెగుహలోని ముని ఈ రహస్యం చెప్పగా విని, శరభాంకుడు జువ్వల కోసం వజ్రకూటానికి వచ్చాడు. బాణసంచాకు ఏడు రాజ్యాలలో ఆ నగరాన్ని మించిన పేరు లేదు. మాంత్రికుని చారులకు రాజకుమారుల వాసన తెలుసు, బొగ్గు వాసన తెలియదు. కనుక అతడు మారువేషంలో, రాజ బాణసంచా శాలలో బొగ్గు మోసే కూలిగా చేరాడు.

చేరిన రోజే అతనికి ఒక సంగతి తెలిసింది. వజ్రకూటపు జువ్వలు లేవవు.

మూడు రోజులుగా లేవలేదు. నాలుగవ రోజు, అంటే గడువు ముగిసే ఈ రోజు, ఉదయపు పరీక్షకు సభ మళ్ళీ కొలువుదీరింది. మహారాజు ప్రశాంతసేనుడు దీపాలు పెట్టకముందే నిద్రకు ఉపక్రమిస్తాడు కనుక ఆ రాజ్యంలో బాణసంచా పగటిపూటే కాలుస్తారు. ఎండలో వెలుగెలా కనబడుతుందని అడిగిన ఒక పరదేశికి, కనబడని వెలుగును మెచ్చుకొనగలవాడే రసికుడని సమాధానం లభించింది.

జువ్వ నిలువెత్తున్నది. దానికి జరీ అంచు పట్టు చుట్టారు, నడుముకు రత్నపుపట్టీ బిగించారు, శిరస్సున మల్లెలు ముడిచారు. లోపలి మందులో సూరేకారం ఎక్కడిదో, గంధకం ఎక్కడిదో ఎవరూ పట్టించుకోలేదు. అవి పరదేశపు సరుకులు, వాటికి వంశం లేదు. బొగ్గు సంగతి వేరు. ఏ కట్టె బొగ్గు వాడాలో నిర్ణయించడానికి పన్నెండుగురు పండితుల కాష్ఠసభ ఉన్నది. ఆ సభ చెట్లకు అంతస్తులు ఏర్పరచింది. చందనం చక్రవర్తి, టేకు మంత్రి, మద్ది సేనాపతి, తుమ్మ బంటు. చక్రవర్తులలోకెల్లా చక్రవర్తి, రాజులు కూర్చున్న చందనపు సింహాసనం. ఒక రాజు గతించగానే ఆయన సింహాసనాన్ని కాల్చి బొగ్గు చేసి, ఆ బొగ్గుతో రాజ్యపు జువ్వలు కట్టడం అక్కడి ఆచారం. కూర్చోవడంలో గడిచిన కట్టెకు ఎగరడం తెలిసి ఉంటుందా అన్న ప్రశ్న ఏడు తరాలుగా ఎవరికీ తోచలేదు.

కాష్ఠసభ అధ్యక్షుడు గంభీరభట్టు మంత్రం చదివి వత్తి అంటించాడు. జువ్వ బుసకొట్టింది. తెల్లని పొగ కక్కింది. మోకాలెత్తు లేచింది. అక్కడ ఒక క్షణం ఆలోచించి, పక్కకు ఒరిగి పడుకున్నది. చందనపు పరిమళం నాలుగు వీధులకూ వ్యాపించింది. సభ "ఆహా" అన్నది.

మహారాజు ఒక కన్ను తెరిచాడు. "ఆచార్యా, లేచిందా?"

"దివ్యంగా లేచింది ప్రభూ. అయితే దానితోపాటు భూమి కూడా లేచింది. అందుచేత మధ్యనున్న దూరం కంటికి ఆనలేదు."

"భూమికి అంత భక్తి ఉన్నదా!"

"తమ ఏలుబడిలో ఉన్న భూమి కదా ప్రభూ."

మహారాజు తృప్తిగా కన్ను మూశాడు. రాయసకాడు "నేడు జువ్వ సుగంధంగా లేచెను" అని వ్రాసుకున్నాడు.

శరభాంకుడు గంప దించి పొద్దు వైపు చూశాడు. పొద్దు తాటిచెట్టెత్తు ఎక్కింది. పడిపోయిన జువ్వను ఊడ్చడానికి ఓబులమ్మ వచ్చింది. గోడ బయటి వాడ మనిషి, ఎండిన చింతకాయ వంటి ముసలమ్మ, శాల ఊడ్చడం ఆమె పని.

"అవ్వా, ఇది ఎన్నడూ ఎగరలేదా?" అని అడిగాడు.

"నేనీ పరక పట్టి ముప్పై ఏండ్లయింది నాయనా. ముప్పై ఏండ్లుగా కింద పడినదాన్ని ఊడుస్తుండా. పైకి పోయిందాని కోసరం ఒక్కనాడన్నా నడుం నిటారుగా నిలబెట్టే పని పడలా."

"మందు చెడ్డదంటావా?"

"మందేం చేసింది పాపం? సూరేకారం మంచిదే, గంధకం మంచిదే. దాన్ని చంపుతుండేది ఈ బొగ్గు." ఆమె పొగచూరిన ముక్కనొకదానిని తీసి అతని చేతిలో పెట్టింది. "గోటితో కొట్టు. ఖంగుమంటుందా? నాలిక్కి ఆనించు. పట్టుకుంటుందా? పట్టుకోదు. నూనె కట్టె నాయనా ఇది, రాయి మాదిరి ఉంటాది. దీనికి పొగ చేతనవును, వాసన చేతనవును. ఉరకడం చేతగాదు."

"మరి ఏది ఉరుకుతుంది?"

"కందికంప. లేకుంటే జిల్లేడు. లోపల బోలుగా ఉండేవి. గట్టి కట్టె నిదానంగా కాలతాది, కూడొండుకోను దాన్ని మించింది లేదు. బోలుకట్టె బొగ్గు నలిపితే పిండి, అంటిస్తే పిడుగు. మా వాడలో ఉప్పులమ్మ జాతరకు ఏటేటా వదుల్తాం. అదిగో, ఆ ఇనపగద్ద నెత్తిమీంచి పోతాయి."

"ఈ సంగతి కాష్ఠసభకు చెప్పలేదా?"

"ఎందుకు చెప్పలా! బిరుదు ఉండే మడిసి ఒక్కడన్నా చూసినాడా అని అడిగినారు. లేదయ్యా అంటిని. అయితే లేవలేదని రాసుకున్నారు."

శరభాంకుడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అవ్వా, నాకు పొద్దుగూకేలోగా రెండు జువ్వలు కావాలి. ఒక ప్రాణం వాటి మీద ఉంది. ఆ గోపురంలో ఉన్నది మా అక్క."

ఓబులమ్మ పరక భుజాన వేసుకున్నది. "ఆ మాట పొద్దున్నే చెప్తే ఇంకో జువ్వ ఎక్కువ కట్టేదాన్ని గదా. జాతర ఎల్లుండే. నిన్ననే కుండ మూసి కందికంప కాల్చినా. ఈపాటికి చల్లారింటుంది. నడువు."

ఇద్దరూ ఏడు ప్రాకారాల అడుగున ఉన్న తూముల గుండా పాకి, గోడ బయటి వాడకు చేరారు. ఆమె గుడిసెలో కుండ మూత తీయగానే కంటికి నల్లని మంచువంటిదేదో కనబడింది. శరభాంకుడు ఒక పుల్ల తీశాడు. చేతిలో ఉన్నదో లేదో తెలియలేదు. నాలుకకు ఆనించాడు; జిగురు వలె అంటుకున్నది. వ్రేళ్ళ నడుమ నలిపాడు. చప్పుడైనా చేయకుండా పొడి అయింది. ఇంత తక్కువగా ఉండడం వల్లనే అది ఇంత పనికివస్తున్నది. రాజపుత్రుడు ఆ ఆలోచనను ఇంకొంత దూరం వెంబడించేవాడే గాని ముసలమ్మ అతని చేతి మీద ఒక్కటి వేసింది.

"ఆడుకునే వస్తువు గాదు. గడప అవతల పోయి కూర్చో."

"ఏది ఎంత వేస్తావు అవ్వా?"

"అది నా చేతికి తెలుసు, నోటికి తెలీదు. మందు కలిపే కాడ రాజకుమారులు తుమ్మితే ఇద్దరికీ మంచిది గాదు."

శరభాంకుడు ఉలిక్కిపడ్డాడు. "నేను రాజకుమారుడినని నీకెలా తెలిసింది?"

"బొగ్గు మోసేవాడు గంప దించినాక నడుం పట్టుకుంటాడు. నువ్వు మీసం సవరించుకుంటివి."

మూడవ జాము మొదలయ్యేసరికి రెండు జువ్వలు సిద్ధమయ్యాయి. పట్టు లేదు, మల్లెలు లేవు. చేనిగట్టునుండి కోసుకువచ్చిన వెదురు, పాత చీర పేలికలు. వాటిని గంపలో దాచి ఇద్దరూ కొండదారి పట్టారు. కొండ భుజం మీద జువ్వల వేదిక ఉన్నది. వేదిక అంచునుండి ఇనుప గోపురం వరకు అగాధం మీదుగా ఒక గొలుసు వంతెన వ్రేలాడుతున్నది. మధ్యాహ్నపు వేడుక చూడడానికి మహారాజూ, సభా అప్పటికే అక్కడికి తరలివచ్చి ఉన్నారు.

వేదిక మెట్ల దగ్గర భటులు గంపను ఆపారు.

"ఒరేయ్, ఏంటిది?"

"జువ్వలు."

"బొగ్గు ఏ కట్టెది? వంశపత్రం ఏది?"

"కందికంప. దానికి పత్రం లేదు."

భటులు మొదట నవ్వారు, తరువాత భయపడ్డారు, ఆ తరువాత ఇద్దరినీ మెడ పట్టుకొని కాష్ఠసభ ముందుకు నెట్టారు. పన్నెండు పట్టుశాలువలు ఒక్కసారిగా కదిలాయి.

"కంది!" అన్నాడు గంభీరభట్టు. "పప్పుగా ఉడికేది! దాని కట్టెకు ఆకాశం కావలసి వచ్చిందా?"

"ఏటేటా చచ్చే మొక్కకు వంశమేమిటి?" అన్నాడు మరొక పండితుడు.

"ఏటేటా పుడుతుంది గదయ్యా" అన్నది ఓబులమ్మ.

"ఊడ్చేవారు వాదించరాదు. ఈ అపచారాన్ని నీటిలో ముంచండి."

భటుడొకడు నీళ్ళకడవ ఎత్తాడు. పొద్దు పడమటి కొండల మీదికి వాలుతున్నది. గోపురపు కిటికీలో తెల్లని చేయి ఒకటి బలహీనంగా కదిలింది. శరభాంకుడు ఒక్క విదిలింపుతో భటుల పట్టు వదిలించుకున్నాడు. తలపాగా మడతలో కుట్టిన ఉంగరాన్ని లాగి, రెండు జువ్వల మూతుల మీది తడిమట్టిలో ఒత్తాడు. కదంబద్వీపపు రాజముద్ర, పడగ విప్పిన చేప, మట్టి మీద స్పష్టంగా నిలిచింది.

కడవ ఎత్తినవాడు ఎత్తినట్లే ఆగిపోయాడు. గంభీరభట్టు వంగి ముద్రను చూశాడు. లేచాడు. శాలువ సర్దుకున్నాడు.

"ఇది కందికంప అని ఎవరన్నారు?"

"మీరే అన్నారు" అన్నాడు శరభాంకుడు.

"అప్పుడు మేమింకా చూడలేదు. ఇప్పుడు చూశాము. ఇది ఏదో ద్వీపాంతర రాజకాష్ఠం. ఈ నలుపులోని గాంభీర్యం చూడండి!"

పన్నెండుగురూ ఆ గాంభీర్యాన్ని చూశారు. ఉన్నదానిని చూడడానికి కన్ను చాలు. లేనిదానిని పన్నెండుగురు కలిసి చూడాలంటే సభ కావాలి. చూస్తుండగానే రెండు జువ్వలకూ పల్లకి వచ్చింది, పల్లకికి గొడుగు పట్టారు, గొడుగుకు వింజామర వీచారు. ఓబులమ్మ జువ్వ నిలబెట్టబోతే ఒక పండితుడు ఆమె చేతిని అడ్డగించాడు.

"నేను కాల్చిన బొగ్గును నేను ముట్టుకోకూడదా?"

"ముట్టుకోవచ్చు. ఎవరూ చూడనప్పుడు."

"అయితే అందరూ కండ్లు మూసుకోండి" అని ఆమె జువ్వను లాక్కొని వేదిక నడుమ నిలబెట్టింది. మర్యాద తెలిసిన పండితులు నిజంగానే కన్నులు మూసుకున్నారు.

శరభాంకుడు ఎర్ర ఉత్తరీయం నడుముకు చుట్టుకొని వంతెన మొదట నిలిచాడు. "అవ్వా, నేను చేయెత్తగానే ఒకటి వదులు. అది పోవడానికి. గోపురం గడపలో నిలబడి ఈ గుడ్డ ఊపగానే రెండవది. అది రావడానికి. రెండవది లేకపోతే మేము వంతెన మధ్యలో ఉండగా పక్షికి మెలకువ వస్తుంది."

"నువ్వు ఊపు నాయనా. మిగతాది కంది చూసుకుంటాది."

అతడు చేయెత్తాడు. ఆమె అంటించింది.

బుస లేదు, ఆలోచన లేదు. చెవులు చిల్లులు పడే ఒక్క అరుపుతో జువ్వ వేదికను వదిలింది. వదిలిందని కనులు గ్రహించేసరికి గోపురమంత ఎత్తున ఉన్నది. ఎంత ఎత్తని మనసు కొలిచేసరికి గోపురాన్ని దాటింది. మేఘం అంచు తాకి పగిలింది. బంగారు రవ్వలు, కెంపు రవ్వలు, నారింజ రవ్వలు, ఒక పూలతోట వేళ్ళతో సహా తలక్రిందులైనట్లు ఇనుప పక్షి మీద కురిశాయి. పక్షి మెడ ముడుచుకున్నది. నూరు ఇనుప రెప్పలు నూరు తలుపులు వేసినట్లు టపటప మూసుకున్నాయి.

శరభాంకుడు పరుగెత్తాడు. పలక తరువాత పలక కాలికింద దూకుతున్నది. మూడవ పలక విరిగింది. ఐదవది లేనే లేదు. గాలి ఉత్తరీయాన్ని పట్టి లాగింది. అడుగున అగాధంలో మొసళ్ళ దవడల వలె రాళ్ళు తెరుచుకొని ఉన్నాయి. గోపురం తలుపు నుండి రెండు ఇనుప చేతులు చాచుకొని వచ్చి అతని మెడకోసం వెతికాయి. అతడు వాటి క్రిందుగా జారి, ఒకదానితో ఒకటి కరచాలనం చేయించి, లోపలికి దూకాడు.

గది నడుమ కువలయాదేవి నిలబడి ఉన్నది. నిలబడక ఆమెకు మరొక దారి లేదు. పాదాలు శిల, పట్టుచీర కుచ్చిళ్ళు శిల, నడుము శిల. శిల మెడ క్రింది ఎముకను చేరడానికి నాలుగు అంగుళాల దూరంలో ఉన్నది. చేతులూ, ముఖమూ, మాట మాత్రం ఇంకా ఆమెవే.

"ఆలస్యం చేశావు తమ్ముడూ."

"జువ్వ ఎగరలేదు అక్కా."

"చూశాను. నాలుగు రోజులుగా మోకాలెత్తు లేచి పడుకుంటుంటే, ఈ దేశంలో నమస్కారం చేసే పద్ధతి ఇదేనేమో అనుకున్నాను."

అతడు ఆమెను వీపున ఎత్తుకున్నాడు. మోకాళ్ళు కిర్రుమన్నాయి. ఒక అడుగు. మరొక అడుగు. గడప. గడప దాటగానే ఆమె దేహంలో పాకుతున్న చల్లదనం నిలిచిపోయింది. ఆమె మెడ క్రింద చేయి పెట్టి చూసుకున్నది.

"ఆగింది" అన్నది. ఒక్క క్షణం తరువాత, "కరగలేదు."

"కరిగించే దారి తరువాత వెతుకుదాం. ముందు ప్రాణం దాటాలి." అతడు ఎర్ర ఉత్తరీయాన్ని విప్పి వేదికవైపు ఊపాడు, వంతెన మీద కాలు పెట్టాడు.

వేదిక మీద ఆలోగా ఒక సమావేశం జరిగిపోయింది.

మొదటి జువ్వ చప్పుడుకు మహారాజుకు నిద్రాభంగమయింది. జీవితంలో మొదటిసారి ఆయన తల పైకెత్తి చూశాడు. "లేచింది!" అన్నాడు ఆశ్చర్యంగా. "ఆచార్యా, ఈసారి భూమి లేవలేదేం?"

గంభీరభట్టు చేతులు జోడించాడు. "అది అతిథి బొగ్గు ప్రభూ. మన భూమికి దానితో పరిచయం లేదు."

"అతిథి బొగ్గు ఎగిరి, మన సింహాసనపు బొగ్గు ఎగరకపోతే ఏడు రాజ్యాలలో మన మర్యాద ఏమౌతుంది?"

ఈ ప్రశ్నకు కాష్ఠసభ రెప్పపాటులో ఏకగ్రీవంగా సమాధానం కనుగొన్నది. రెండవ జువ్వగా సింహాసనపు బొగ్గు జువ్వనే వదలాలి. సమాన గౌరవం సభామర్యాద. ముద్రవేసిన కంది జువ్వను పల్లకితో సహా ఖజానాకు తరలించారు. అంత గొప్ప వస్తువును కాల్చడం అవివేకమని అందరూ అంగీకరించారు. దాని స్థానంలో మల్లెలు ముడిచిన నిలువెత్తు జువ్వ వచ్చి నిలిచింది.

ఓబులమ్మ పరక విసిరికొట్టింది. "ఒరేయ్, మీ పాండిత్యం పాడుగాను! ఆ బిడ్డ గుడ్డ ఊపుతుండాడు, వంతెన మీదుండాడు! నా జువ్వ తెండి!"

"అమ్మా" అన్నాడు గంభీరభట్టు, ఎంతో ఓర్పుగా, "జువ్వ ఎగరడం ముఖ్యమా, ఎవరి జువ్వ అన్నది ముఖ్యమా?"

"వంతెన మీద నిలబడి అడుగయ్యా ఆ మాట!"

నలుగురు భటులు ఆమెను పట్టి ఉంచారు. గంభీరభట్టు వత్తి అంటించాడు. జువ్వ బుసకొట్టింది, తెల్లని పొగ కక్కింది, మోకాలెత్తు లేచింది.

శరభాంకుడు వంతెన నడుమకు చేరాడు. తల పైకెత్తి ఆకాశమంతా చూశాడు. ఆకాశం శుభ్రంగా ఉన్నది. మీద గోపురపు కొనన టప్పున ఒక రెప్ప తెరుచుకున్నది. తరువాత పది. తరువాత ఇరవై.

గాలి తిరిగింది. కువలయాదేవి ఊపిరి పీల్చింది.

"తమ్ముడూ, చందనం వాసన వస్తున్నది. ఎవరికో చితి పేర్చినట్లున్నారు."

"మనకే అక్కా. గట్టిగా పట్టుకో."

అరవై రెప్పలు. ఎనభై. అతని కాలికింద పలకలు వెనుకకు పరుగెడుతున్నాయి. శిల బరువుకు గొలుసులు సాగి మూలుగుతున్నాయి. వేదికకు ఇంకా ఇరవై అడుగులున్నది. నూరవ కన్ను తెరుచుకున్నది. ఇనుప రెక్కల నీడ వంతెనను పగలే చీకటిగా ముంచింది. పక్షి ముక్కు ఈటె వలె సూటిగా క్రిందికి వచ్చింది.

తప్పుకోవడానికి చోటు లేదు. శరభాంకుడు ఎదురు తిరగలేదు; వీపు తిప్పాడు. ముక్కు కువలయాదేవి తొడను తాకింది, అనగా శిలను. నిప్పులు లేచాయి. కొండ కొండంతా గంట వలె మ్రోగింది. ఆమెను చంపవలసిన శాపం ఆమెకు డాలు అయింది. డాలు మరొక పని కూడా చేసింది. పక్షి ముక్కు రాతిచీర మడతలో మొదలు దాకా దిగి, బిగుసుకుపోయింది.

పక్షి అదిరింది. గుంజింది. రాలేదు. ఇనుప రెక్కలు ఒక్కసారి, రెండుసార్లు కొట్టుకున్నాయి. మూడవసారికి శరభాంకుని పాదాలు వంతెనను వదిలాయి. అతడు వెనుకకు మెలితిరిగి అక్క శిలానడుమును రెండు చేతులా కావలించుకున్నాడు. ఆమె అతని జుట్టు పిడికిట పట్టింది. గొలుసులు తెగి అగాధంలోకి జారాయి. పక్షి, పక్షి ముక్కుకు రాజపుత్రిక, రాజపుత్రికకు తమ్ముడు: ముగ్గురూ పైకి లేచారు. గోపురమంత ఎత్తుకు, గోపురం దాటి, మేఘమంత ఎత్తుకు.

వేదిక మీద అందరి తలలూ పైకి లేచాయి.

"లేచింది!" అన్నాడు మహారాజు పరవశుడై. "ఆచార్యా, ఇది మనదే గదా?"

గంభీరభట్టు కాళ్ళ దగ్గర పక్కకు ఒరిగి పొగలు కక్కుతున్న జువ్వను చూశాడు. ఆకాశాన్ని చూశాడు. శాలువ సర్దుకున్నాడు.

"మనదే ప్రభూ. రెక్కలతో సహా."

సభ చప్పట్లు కొట్టింది. రాయసకాడు వ్రాసుకున్నాడు. భటులు కూడా చప్పట్లకు చేతులు ఎత్తడంతో వారి పట్టు జారింది. ఓబులమ్మ ఖజానా దారిన పోతున్న పల్లకి వెంట కొంగు బిగించి పరుగు తీసింది.

పక్షి ఉత్తరానికి తిరిగింది. అటు వ్యాళజంఘుని పొగకోట ఉన్నది. అడుగున వజ్రకూటం మళ్ళీ ముత్యాలరాశిగా, తరువాత గుప్పెడు ఆవాలుగా మారింది.

"తమ్ముడూ" అన్నది కువలయాదేవి గాలి హోరు మీదుగా, "క్రిందినుండి చప్పట్లు వినబడుతున్నాయి. మనకేనా?"

"కాదు అక్కా. నువ్వు కదలకు."

"నేను కదలడం లేదు. కదలలేను."

శరభాంకుడు తల తిప్పి చూశాడు. ఆమె కదలలేదు. పక్షి ముక్కు దిగిన రాతి మడతలో, వెంట్రుకంత సన్నగా, ఒక బీట మొదలైంది.